అయిదో కారణం: వెంటిలేటర్ న్యుమోనియా ముందు విధి, శౌచం, బాధ్యత

శ్వాసనాళంలో గొట్టం వేసి కృత్రిమ శ్వాస మొదలుపెట్టి 48 గంటలు దాటాక రోగికి కొత్తగా సోకే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌ను వెంటిలేటర్ న్యుమోనియా అంటారు. ఇది ఇంటినుంచి తెచ్చుకున్న జబ్బు కాదు. మనిషిని బతికించడానికి తెరిచిన దారినే లోపలికి వచ్చే జబ్బు. అందుకే దీని విషయంలో వైద్యులు అడిగే ప్రశ్నలతో పాటు ధర్మచింతన అడిగే ప్రశ్న కూడా ఒకటుంది. ఇలా పోయిన ప్రాణం రాతవల్ల పోయిందా, చేతలవల్ల పోయిందా? విధి, కర్మ, శౌచం, సేవ అన్న పాత మాటలకు ఐసీయూ గదిలో అర్థమేమిటి?

కోనసీమ జిల్లా ఆలమూరు లాంటి ఊళ్ళకు ఇది దూరపు ప్రశ్న కాదు. గౌతమి ఒడ్డున వరిచేల మధ్య, కొబ్బరి తోటల మధ్య సాగే బతుకులోనే మనిషిని వెంటిలేటర్ దాకా తీసుకుపోయే కారణాలున్నాయి. రాత్రి నిద్రలో కట్లపాము కరిస్తే శ్వాస కండరాలు చచ్చుబడతాయి. పురుగుమందు విషం ఒంట్లో చేరితే ఊపిరి తీసే బలం పోతుంది. జొన్నాడ మీదుగా పోయే జాతీయ రహదారిపై ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారికీ గొట్టం వేయక తప్పదు. ఇలాంటివారిని రాజమహేంద్రవరానికో, కాకినాడకో, గౌతమి వంతెన దాటించి అమలాపురానికో చేరుస్తారు. వీరిలో చాలామంది వయసులో ఉన్నవారు, ముందురోజు దాకా పని చేసుకున్నవారు. విషం కొన్ని రోజుల్లోనో వారాల్లోనో దిగిపోతుంది. అందాకా ఊపిరి అందిస్తే మనిషి తన కాళ్ళమీద తాను ఇంటికి నడిచిపోగలడు. ఆ నడిమి రోజుల్లోనే ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరితే, తీరిపోవలసిన గండం తీరకుండా మిగులుతుంది.

అరువు ఊపిరి

తెలుగులో ఊపిరికీ జీవానికీ కలిపి ప్రాణమన్న ఒకే మాట ఉంది. ఛాందోగ్య, బృహదారణ్యక ఉపనిషత్తులు రెండింటిలోనూ ఇంద్రియాల తగవు కథ ఒకటుంది. ఎవరు గొప్పో తేల్చుకోవడానికి వాక్కు, కన్ను, చెవి, మనసు ఒక్కొక్కటీ ఏడాదిపాటు దేహాన్ని విడిచి వెళ్ళాయి. మూగగా, గుడ్డిగా, చెవిటిగా దేహం బతికింది. ప్రాణం బయలుదేరబోగానే మిగతావన్నీ వేళ్ళతో సహా ఊడివచ్చే పరిస్థితి వచ్చింది. మేలుజాతి గుర్రం తనను కట్టిన మేకులన్నిటినీ పెకలించినట్టు జరిగిందని ఆ కథ చెబుతుంది.

ఆ ప్రాణాన్ని బయటినుంచి నిలపడం 20వ శతాబ్దం నేర్చుకున్న విద్య. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో చెలరేగినప్పుడు, ఊపిరి అందక పోతున్నవారికి గొంతు కింద రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాలని మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచించాడు. దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచులు నొక్కారు. అంతకుముందు అక్కడ అలాంటి రోగుల్లో నూటికి 80 మందికి పైగా చనిపోయేవారు. ఈ పద్ధతితో ఆ సంఖ్య సగానికి పడిపోయింది. నేటి ఐసీయూకూ వెంటిలేటర్‌కూ మూలం అక్కడుంది. అంటే యంత్రం రాకముందు ఆ పని చేసినవి మనుషుల చేతులే. ఆ చేతుల ధర్మం యంత్రం వచ్చాకా మారలేదు.

గొట్టం ఊపిరిని లోపలికి పంపుతుంది గాని, ఊపిరికి కాపలా ఉన్న ద్వారపాలకులను పక్కకు తప్పిస్తుంది. దగ్గు ఆగిపోతుంది. స్వరపేటిక మూతపడదు. నోట్లోని చొంగ, గొంతులోని కఫం గొట్టం చుట్టూ ఉన్న గాలిబుడగ పైన నిలువ ఉండి, సందు దొరికినప్పుడల్లా చుక్కచుక్కగా కిందికి జారతాయి. పళ్ళు తోమని నోట్లో కొద్దిరోజుల్లోనే ఆసుపత్రి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. గొట్టం లోపలి గోడకు పాకుడులా పొర కడుతుంది. ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ ఆరియస్ వీటిలో ముఖ్యమైనవి. ఇవి ఒక మంచంనుంచి ఇంకో మంచానికి తమంతట తాము నడిచిపోలేవు. చేయి, సక్షన్ గొట్టం, నెబ్యులైజర్, మంచం కమ్మీ వీటికి వాహనాలు. మళ్ళీ జ్వరం రావడం, కఫం చిక్కబడి చీములా మారడం, ఆక్సిజన్ అవసరం పెరగడం, ఎక్స్‌రేలో కొత్త మచ్చలు కనబడడం జబ్బు వచ్చిందనడానికి గుర్తులు.

నూకలు చెల్లడం, ఇరుసు విరగడం

ఐసీయూ బయట బెంచీమీద కూర్చున్నవారి నోట వినబడే మాటలు కొన్ని ఉన్నాయి. భూమ్మీద నూకలు చెల్లాయి. అంతే రాసిపెట్టి ఉంది. డాక్టర్లేం చేస్తారు, ఆయుష్షు వాళ్ళ చేతుల్లో ఉందా? ఈ మాటలు దుఃఖాన్ని మోయడానికి ఊతం. పోయినవారు ఎలాగూ దక్కరు గనుక, ఉన్నవారు నిలబడడానికి వాటిని వాడుకుంటారు. అందుకు ఎవరినీ తప్పుపట్టే పని లేదు. కానీ అదే మాట నష్టపోయినవారి నోట ఓదార్పు అవుతుంది, చికిత్స చేయవలసినవారి నోట సాకు అవుతుంది. మాట ఒకటే అయినా, ఎవరు అన్నారన్నదాన్ని బట్టి ధర్మం మారుతుంది.

ఆయువు ముందే నిర్ణయమై ఉంటుందా అన్న ప్రశ్నను చరకసంహిత సూటిగా ఎదుర్కొంది. విమానస్థానం మూడో అధ్యాయంలో శిష్యుడు అగ్నివేశుడు అడుగుతాడు, గురువు ఆత్రేయుడు జవాబిస్తాడు. ఆయువు దైవం మీదా, మనిషి ప్రయత్నమైన పురుషకారం మీదా, రెండింటి బలాబలాల మీదా ఆధారపడుతుందని ఆయన తీర్పు. అంతా ముందే నిర్ణయమైతే మందెందుకు, పథ్యమెందుకు, పామును చూసి తప్పుకోవడమెందుకు? ఆత్రేయుడు బండి ఇరుసును ఉపమానంగా చూపిస్తాడు. మంచి ఇరుసు తన కాలమంతా తిరిగి, అరిగి, ఒకనాడు ఆగిపోతుంది. అది కాలమరణం. అదే ఇరుసు మితిమీరిన బరువుకో, గతుకుల బాటకో, బండివాడి అజాగ్రత్తకో నడిమధ్యలో విరిగితే అది అకాలమరణం. ఆ రెండో ఇరుసు కాలం తీరి విరిగిందని బండివాడు చెప్పుకుంటే ఒప్పుకునేవారు లేరు.

ఈ తేడాను ఆధునిక వైద్యం లెక్కగట్టి చూపింది. వెంటిలేటర్ మీద ఉన్నవారు అసలు జబ్బుతోనే పోయేవారేమోనన్న సందేహం సహజం. అనేక పరిశోధనల్లోని రోగుల వివరాలను ఒకచోట చేర్చి 2013లో ప్రచురించిన విశ్లేషణ దీనికి జవాబు వెదికింది. ఈ న్యుమోనియా వల్లనే కలిగిన మరణాలు సుమారు 13 శాతమని అది తేల్చింది. మిగతా మరణాల్లో అసలు జబ్బు బరువు ఉంది. ఆ 13 మాత్రం గతుకుల బాటలో విరిగిన ఇరుసులు.

దైవం అయిదోది

ఏ పనికైనా అయిదు కారణాలుంటాయని భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం చెబుతుంది. అవి అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. ఈ వరుసలో దైవం కొట్టివేతకు గురికాలేదు, మొదటి స్థానానికీ ఎక్కలేదు. అయిదోదిగా నిలిచింది. దైవం మాట ఎత్తే ముందు నాలుగు మెట్లకు జవాబు చెప్పుకుని రావాలన్నమాట.

వెంటిలేటర్ న్యుమోనియాకు ఈ వరుసను అన్వయించి చూస్తే విషయం తేటపడుతుంది. అధిష్ఠానమంటే పని జరిగే చోటు. రోగి దేహంతో పాటు మంచం, వార్డు, అందులోని నీళ్ళ కొళాయి, మంచానికీ మంచానికీ మధ్య ఎడం ఇవన్నీ అందులోకి వస్తాయి. కర్త అంటే వైద్యుడు, నర్సు, వార్డుబాయ్, ఆసుపత్రి నడిపే యాజమాన్యం. కరణాలంటే గొట్టం, సక్షన్, సబ్బు, చేతులకు రాసుకునే స్పిరిట్ ద్రావణం. చేష్టలంటే రోజువారీ పనులు: చేతులు కడగడం, తలవైపు మంచం ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, మత్తుమందు తగ్గించి రోగి సొంతంగా ఊపిరి తీయగలడేమో రోజూ పరీక్షించడం, అవసరం తీరిన వెంటనే గొట్టం తీసేయడం.

ఈ చేష్టలు చూడటానికి చిన్నవి. 1999లో బార్సిలోనా వైద్యులు ప్రచురించిన పరీక్షలో తలవైపు 45 డిగ్రీలు ఎత్తి ఉంచిన 39 మందిలో 3 మందికి న్యుమోనియా అనుమానం కలిగింది. వెల్లకిలా పడుకోబెట్టిన 47 మందిలో 16 మందికి కలిగింది. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా ప్రతిసారీ కనబడకపోయినా, మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీల దాకా ఎత్తి ఉంచడం నేటికీ నిలిచిన నియమం. మంచం ఎత్తడానికి ఖర్చేమీ లేదు. ఎత్తకుండా వదిలేసి, తర్వాత రాత మాట ఎత్తడం అయిదో కారణాన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టడమే.

గీత అక్కడితో ఆగలేదు. అయిదు కారణాలుండగా ఒక్కడినే కర్తగా చూసేవాడు సరిగా చూడనివాడని తర్వాతి మాటల్లో అంటుంది. ఆ శ్లోకం ఆత్మతత్త్వానికి సంబంధించినదే అయినా, ఇక్కడ నేర్పే పాఠం స్పష్టం. అంతా దైవం మీదికి నెట్టడం ఎంత పొరపాటో, అంతా రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క నర్సు మీదికి నెట్టడమూ అంతే పొరపాటు. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది ఐసీయూ ఆదర్శం. నలుగురైదుగురిని ఒక్కరికే అప్పగించి, ఒక మంచానికీ మరో మంచానికీ నడుమ చేతులు కడిగే వ్యవధి కూడా లేకుండా చేస్తే, లోపం ఆ చేతులది కాదు. అది అధిష్ఠాన లోపం. దాన్ని సరిదిద్దవలసినవారు నియామకాలు చేసేవారు, డబ్బు కేటాయించేవారు.

మడి, అంటు, శౌచం

కోనసీమ వేదాధ్యయనానికి పేరుబడిన అగ్రహారాల నేల. మడికట్టుకోవడం అక్కడ తరాలుగా తెలిసిన ఆచారం. తడిపి ఆరేసిన బట్ట, ఎవరూ తాకకుండా చేసే వంట, మైల పట్టింపు, అంటు కలిసిందన్న భయం, వీటన్నిటి వెనకా ఒక ఎరుక ఉంది. తాకిడితో ఏదో ఒకటి ఒకరినుంచి ఒకరికి చేరుతుందన్న ఎరుక అది. తెలుగులో అంటు అన్న మాటనుంచే అంటువ్యాధి అన్న మాట వచ్చింది. అదే మాటనుంచి అంటరానితనమూ వచ్చింది. ఒకటి వైద్యానికి దారి, మరొకటి అధర్మానికి దారి. రెండూ ఒకే వేరునుంచి మొలిచాయి గనుక వాటిని జాగ్రత్తగా వేరుచేయవలసి ఉంది.

తేడా మొదట దిశలో ఉంది. మడి కట్టుకున్నవారు ఎదుటివారి అంటు తమకు తగలకుండా చూసుకుంటారు. ఆసుపత్రి శౌచం అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు. తన చేతిలో ఉన్నది ఎదుటివారికి చేరకూడదన్నది దాని చింత. పతంజలి యోగసూత్రాలు యమాల్లో మొదటిదిగా అహింసను, నియమాల్లో మొదటిదిగా శౌచాన్ని చెప్పాయి. యమం ఇతరుల పట్ల, నియమం తన పట్ల పాటించేదన్నది వాడుకలో ఉన్న వివరణ. ఐసీయూ గడప దాటాక ఆ రెండూ ఒకటైపోతాయి. కడగని చేతితో గొట్టాన్ని ముట్టుకోవడం హింస. కడిగిన చేయే అహింస.

రెండో తేడా పుట్టుకకూ హోదాకూ సంబంధించినది. దీనికి వియన్నా ఒక ఉదాహరణ. అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో వైద్యులు, విద్యార్థులు చూసే విభాగంలో నూటికి పది మంది దాకా బాలింతలు జ్వరంతో చనిపోయేవారు. మంత్రసానులు చూసే పక్క విభాగంలో మరణాలు అందులో సగం కూడా లేవు. వాతావరణ దోషమనీ ఆకాశ ప్రభావమనీ పెద్దలు కారణం చెప్పారు. ఒకే గాలి, ఒకే ఆకాశం కింద రెండు విభాగాలకు రెండు రాతలెందుకున్నాయని ఆ ఆసుపత్రి వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ఆలోచించాడు. శవాలను కోసిన చేతులతోనే వైద్యులు పురుడు పోస్తున్నారని గుర్తించి, 1847లో క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించాడు. మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. అయినా పెద్దమనుషుల చేతులు అపరిశుభ్రమనడం చాలామంది వైద్యులకు అవమానంగా తోచింది.

హోదా వల్లనో పుట్టుక వల్లనో చేయి శుభ్రమని నమ్మడం వియన్నాలోనూ పొరపాటే, గోదావరి ఒడ్డునా పొరపాటే. బ్యాక్టీరియా కులం అడగదు. అంటు పుట్టుకలో లేదు, కడగని చేతిలో ఉంది. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ రాజ్యాంగ నిర్మాత పేరు పెట్టుకున్న జిల్లాలో ఈ మాట మరింత గట్టిగా చెప్పుకోవాలి. ఐసీయూ నేల తుడిచే, మంచం కమ్మీలు కడిగే పారిశుద్ధ్య కార్మికులు ఎన్నో ఏళ్ళుగా మైలపనిగా చూడబడిన పని చేస్తున్నారు. వైద్యదృష్టిలో ఆ గదిలో శౌచాన్ని నిలబెడుతున్నవారు వారే. వారికి చేతి తొడుగులు, సమయానికి జీతం, మర్యాద అందని చోట రోగికి రక్షణ ఉండదు.

నోరులేని నాలుగో పాదం

చికిత్సకు నాలుగు పాదాలని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కో పాదానికి నాలుగేసి గుణాలు. వైద్యుడి గుణాల్లో శాస్త్రజ్ఞానం, అనుభవం, దక్షతతో పాటు శౌచం ఉంది. పరిచారకుడి గుణాల్లో ఉపచారం తెలిసి ఉండటం, దక్షత, రోగిపై అనురాగంతో పాటు మళ్ళీ శౌచమే ఉంది. ఇద్దరికీ ఒకే మాట రెండుసార్లు చెప్పడం గమనించదగ్గది.

రోగికి చెప్పిన గుణాల్లో తన బాధను తెలియజెప్పగలగడం ఒకటి. వెంటిలేటర్ మీదున్న మనిషి సరిగ్గా ఆ గుణాన్నే కోల్పోతాడు. గొట్టం స్వరతంతువుల మధ్య ఉంది గనుక మాట రాదు. మత్తులో ఉన్నాడు గనుక సైగ రాదు. చేతులు కడుక్కున్నారా అని అడగలేడు, మంచం ఎత్తమని చెప్పలేడు. నాలుగు కాళ్ళ మంచానికి ఒక కాలు విరిగితే బరువు మిగతా మూడింటి మీద పడుతుంది. అడగలేనివాడికి అడగకుండానే చేయడం దయకు మించినది, అది అప్పు తీర్చడం వంటి విధి.

తీర్థం, ప్రార్థన, బంధువులు

కుటుంబానికీ ఇందులో భాగముంది. చివరి ఘడియల్లో నోట్లో తులసి తీర్థమో గోదావరి జలమో పోయడం తెలుగు ఇళ్ళలో ప్రేమకు గుర్తు. గొట్టం ఉన్న రోగి మింగలేడు. నోట్లో పడిన నీరు గాలిబుడగ పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. అందుకని ఆచారం వదులుకోనక్కరలేదు. చేతులు శుభ్రంగా కడుక్కుని నుదుట విభూతి పెట్టవచ్చు, చెవిలో నామం చెప్పవచ్చు, చేయి పట్టుకుని కూర్చోవచ్చు. తీర్థం దేవుడి దగ్గరే ఉంచి నమస్కరించవచ్చు. భక్తికి లోటు రాదు.

ఇతర మతాలూ ఇదే చెబుతాయి. ముందు ఒంటెను కట్టి, తర్వాత దేవుడి మీద భారం వేయమన్న బోధ ముస్లిం సంప్రదాయంలో ప్రవక్త పేరిట ప్రసిద్ధం. నమాజుకు ముందు చేతులు కడగడం విధి. బైబిల్లోని మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవాడిని చూసి ప్రార్థనతో సరిపెట్టలేదు. గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు భరించాడు. ఆ స్ఫూర్తితోనే 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీలకు ఆసుపత్రి నెలకొల్పింది. నమ్మకం ఏదైనా, అది చేతుల్లోంచి బయటికి రావాలి.

మందు ఒక ఋణం

భీమవరంలో 1895లో పుట్టి, సోదరుణ్ణి స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించాడు. ఆ సంస్థనుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అది మొదటిది. గోదావరి బిడ్డ నడిపిన పరిశోధన లోకానికి ఇచ్చిన వరమది. పెద్దలిచ్చిన ఆస్తిని ఇష్టానుసారం ఖర్చు చేస్తే ఏమవుతుందో ఆ వరాలకూ అదే అయింది. జలుబుకూ జ్వరానికీ చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనడం, కోర్సు మధ్యలో వదిలేయడం, అవసరం లేకపోయినా రాయడం వల్ల బ్యాక్టీరియా మొండికేసింది. కార్బపెనెమ్ మందులకు లొంగని ఎసినెటోబాక్టర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనూ 2024లోనూ అత్యంత ప్రమాదకర వర్గంలో చేర్చింది. ఐసీయూలో వెంటిలేటర్ రోగిని పట్టుకునేది చాలాసార్లు ఇదే.

మనిషి పుడుతూనే ఋణాలతో పుడతాడని వైదిక సంప్రదాయం చెబుతుంది. యాంటీబయాటిక్ విషయంలో ఋణం ముందుతరాలకూ వెనుకతరాలకూ ఉంది. ఆలమూరులో ఈరోజు అనవసరంగా మింగిన మాత్ర రేపు ఏ ఊరి పిల్లవాడి మంచం దగ్గరో మందు పనిచేయకుండా చేయగలదు. కర్మ ఫలం చేసినవారికే చేరుతుందన్న ఓదార్పు ఇక్కడ లేదు. ఒకరు చేసినది మరొకరు అనుభవిస్తారు. అందుకే వెంటిలేటర్ న్యుమోనియాకు కూడా చాలా సందర్భాల్లో ఏడు రోజుల చికిత్స చాలని 2016 నాటి అమెరికా వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. పరీక్ష ఫలితం వచ్చాక మందు తగ్గించడం కూడా ధర్మమే.

సత్యం చెప్పడం

చివరి ప్రశ్న సత్యానిది. ఆసుపత్రిలో వచ్చిన న్యుమోనియాను ఆసుపత్రిలో వచ్చిందనే చెప్పాలా? చెబితే గొడవవుతుందన్న భయంతో పరిస్థితి విషమించిందని మాత్రమే అంటే, ఆ కుటుంబానికి న్యాయం దక్కదు, వార్డుకు పాఠం దక్కదు. ప్రతి కేసునూ నమోదు చేసి, వెయ్యి వెంటిలేటర్ రోజులకు ఎన్ని వచ్చాయో లెక్క కట్టి, ఎక్కడ తప్పిందో వెతకడం వైద్యంలో సత్యవ్రతం. నమోదు లేని చోట ప్రతి మరణమూ విధి ఖాతాలోకే పోతుంది. వినే కుటుంబానికీ ఒక ధర్మముంది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కొందరికి ఈ న్యుమోనియా వస్తుంది. నిజం చెప్పినవారి మీద చేయిచేసుకుంటే రేపు నిజం చెప్పేవారు మిగలరు.

విధిని నమ్మడం తప్పు కాదు, నమ్మకపోవడమూ తప్పు కాదు. చోటు శుభ్రంగా ఉంది, మనుషులు సరిపడా ఉన్నారు, పరికరాలు సరిగా ఉన్నాయి, చేయవలసినవన్నీ చేశారు, అయినా ప్రాణం నిలవలేదంటే అప్పుడు దైవం మాట అనవచ్చు, చేతులు జోడించవచ్చు. మొదటి నాలుగింటికి లెక్క చెప్పకుండా అయిదోదాన్ని తలవడం దైవాన్ని గౌరవించడం కాదు. మంచం మీద నోరు లేకుండా పడివున్న మనిషికి వేదాంతం కన్నా ముందు కావలసింది కడిగిన చేయి.